చూరులోని గ్లాసు

సాహిత్యం నా వృత్తి కాదు. ఎం.బి.బి.ఎస్. చదివి, ఈ దేశం వచ్చి, చదివిన చదువుకే మళ్ళీ పరీక్షలు వ్రాసి, రెసిడెన్సీ ముగించుకొని ఇప్పుడొక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. కథలూ నవలలూ చదవడం రాత్రి డ్యూటీల మధ్య పట్టుబడిన అలవాటు. కనుక ఈ వ్యాసంలో విమర్శకులు వాడే పెద్దమాటలు ఉండవు. పొరపాట్లుంటే తెలిసినవారు దిద్దవలసిందిగా మనవి.

కిందటి ఉగాదికి మన సంఘంవారు హాలులో ఒక మూల పల్లెటూరి ఇల్లు కట్టారు. మీలో చాలామంది చూసే ఉంటారు. అట్టముక్కలతో గోడలు, ఎండుగడ్డితో చూరు, వాకిట్లో ముగ్గు. రోలు, తిరగలి, కవ్వం, ఉట్టి, మరచెంబు, కత్తిపీట ఒక్కొక్కటీ ఒక్కొక్కరి ఇంటినుంచి వచ్చాయి. వాటిని పోగుచేసే పని నాకూ మరో ఇద్దరికీ అప్పగించారు. అన్నీ సర్దడం అయ్యాక ఆ గడ్డిచూరు వంక చూస్తే, అక్కడ ఉండవలసిన వస్తువొకటి లేదని తోచింది. పెడదామా అని అడిగాను కూడా. ఏమయిందో తరువాత చెబుతాను. ముందు ఆ వస్తువు సంగతి.

మా అమ్మమ్మగారి ఊరు తెనాలి దగ్గర. 1990ల చివర, నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు, వేసవి సెలవలన్నీ అక్కడే గడిచేవి. పెంకుటింటి వెనక గొడ్లసావిడి, దాని తాటాకు చూరులో దోపి ఒక సత్తు గ్లాసు. పాలేరు తెల్లవారకముందే వచ్చి గొడ్ల పని చూసుకొని, ఎండెక్కాక ఆ గ్లాసు తీసి కడుక్కొని పెరటిమెట్ల దగ్గర నిలబడేవాడు. నేను కంచు చెంబుతో మజ్జిగ తీసుకువెళ్ళి పోసేదాన్ని. "ఎత్తి పొయ్యవే" అని వంటింట్లోంచి అమ్మమ్మ కేక. చెంబు గ్లాసుకు తగలకూడదు. ఎంత ఎత్తునుంచి చుక్క ఒలకకుండా పోస్తే అంత గొప్పని నాకదొక ఆట. ఆయన తాగి, కడిగి, గ్లాసు మళ్ళీ చూరులో దోపేవాడు. మా తాతయ్య ఈడు మనిషి. పిల్లలమంతా పేరు పెట్టి నువ్వు అనేవాళ్ళం. ఆయన మమ్మల్ని అమ్మాయిగారూ అనేవాడు. వ్రాసింది చదివి చూసుకొంటే క్రియలన్నీ "వాడు"తోనే పడ్డాయి. దిద్దకుండా వదిలేస్తున్నాను.

అమ్మమ్మ చెడ్డమనిషి కాదు. ఆయన కూతురి పురిటికి బియ్యం, నెయ్యి పంపింది. ఆయనకు జ్వరం వస్తే తాతయ్యను తరిమి డాక్టరు దగ్గరకు పంపింది. గ్లాసు చూరులో ఉండటం ఆమె దృష్టిలో అవమానం కాదు, దాని చోటు అది, అంతే. పోపులపెట్టె గూట్లో ఉంటుంది, చేంతాడు నూతి దగ్గర ఉంటుంది, ఆ గ్లాసు చూరులో ఉంటుంది.

వైద్యంలో చేరిన కొత్తలో మాకు నేర్పే తేడా ఒకటుంది. రోగి చెప్పుకొనేది వేరు, వైద్యుడు పరీక్షించి కనిపెట్టేది వేరు. నొప్పి మొదటి జాతి, వాపు రెండో జాతి. వాపు నా కంటికి కనిపిస్తుంది, వేలికి తగులుతుంది. నొప్పి మాత్రం ఆ మనిషి చెబితే తప్ప నాకు తెలిసే దారి లేదు. కథల్లో వస్తువులు కూడా ఈ రెండు జాతుల్లోనే వస్తాయని నాకు అనిపిస్తుంది. నాసిరకం కథలో వస్తువు వాపు వంటిది. జమీందారుకు వెండి పొన్నుకర్ర, కూలివాడికి చిరుగుల గొంగళి, అమెరికా అల్లుడికి సెంటు సీసా. పాఠకుడు చూసి ఎవరు ఏ అంతస్తో గుర్తుపట్టి పేజీ తిప్పేస్తాడు. మంచి కథలో ఆ వస్తువే నొప్పి అవుతుంది. దాన్ని పట్టుకొన్న చేతికి అది ఎలా తగులుతున్నదో మనకు తెలుస్తుంది.

గొగోల్ 1842లో అచ్చువేసిన 'ఓవర్‌కోటు' చూడండి. నకళ్ళు వ్రాసుకొని బ్రతికే చిన్న గుమాస్తా, కడుపు మాడ్చుకొని ఒక కొత్త కోటు కుట్టించుకొంటాడు. అన్నేళ్ళూ ఎగతాళి చేసిన ఆఫీసువాళ్ళు ఆ కోటు చూసి అభినందించి సాయంత్రం విందుకు పిలుస్తారు. తిరిగివస్తుంటే దొంగలు కోటు ఊడ్చుకుపోతారు. కోటు పోయినందుకు కాదు, అది ఉన్న ఒక్కరోజు తనకు మనుషుల్లో చోటు దొరికినందుకే నాకు ఆ కథలో గుండె కలుక్కుమంటుంది.

ఈ కథ నాకు పట్టుబడింది ఇక్కడికి వచ్చాక. చాలా బోధనాసుపత్రుల్లో విద్యార్థులకు నడుముదాకా వచ్చే పొట్టి తెల్లకోటు, రెసిడెంట్లకూ పైవాళ్ళకూ మోకాళ్ళదాకా పొడుగు కోటు. రెసిడెన్సీ దొరకకముందు పరిశీలకురాలిగా వచ్చినప్పుడు, డాక్టరునై ఉండీ, నాకు పొట్టి కోటే ఇచ్చారు. రోగి చుట్టాలు నా ముఖం చూడకముందే కోటు అంచు చూసి, పక్కనున్న పొడుగు కోటుతో మాట్లాడేవారు. తరువాత నాకూ పొడుగు కోటు వచ్చింది. ఇప్పుడు వార్డులోకి ఎవరైనా కొత్తగా వస్తే నా కళ్ళు ముందు ఎక్కడికి పోతాయో ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. రోగుల విషయంలోనూ అంతే. అందరికీ ఒకటే గౌను తొడిగి సమానం చేశామనుకొంటాం గాని, మంచం క్రింద ప్లాస్టిక్ సంచిలో పెట్టిన చెప్పులు అన్నీ చెప్పేస్తాయి.

మనవాళ్ళలో ఈ విద్య గురజాడకు తెలిసినట్టు మరెవరికీ తెలియదేమో. 'కన్యాశుల్కం'లో కంటె సంగతి మీకు చెప్పనక్కరలేదు. లుబ్ధావధానులు పెళ్ళికి నగ కావలసివచ్చి రామప్పంతులు మధురవాణి కంటె తీసుకువెళతాడు. తీరా ఆ పెళ్ళికూతురు ఆడవేషం వేసిన కరటకశాస్త్రి శిష్యుడు. పిల్లా మాయం, కంటే మాయం. మొపాసా 1884లో వ్రాసిన 'నెక్లెస్'లో కూడా ఎరువు తెచ్చుకొన్న నగే పోతుంది. అక్కడ ఆ గుమాస్తా భార్య పదేళ్ళు చాకిరీ చేసి అప్పు తీర్చాక, పోయింది నకిలీ నగ అని తెలుస్తుంది. మొపాసా చేతిలో నగ ఒక ఆడదాన్ని నలిపేస్తుంది. గురజాడ చేతిలో నగ పెద్దమనుషులను ముక్కుతాడు వేసి తిప్పుతుంది. రాత్రి ఆమె గుమ్మం తొక్కి పగలు ఎరగనట్టు నడిచేవాళ్ళ పెళ్ళిపందిట్లో ఆమె మెడలోని కంటె మాత్రం నిక్షేపంగా పనికివచ్చింది! వస్తువుకు అంటు లేదు, మనిషికే ఉంది. మా ఇంట్లో మాత్రం అంటు గ్లాసుకు కూడా పట్టింది. ఈ భేదం ఎందుకా అని ఆలోచిస్తే, బంగారానికి ధర ఉంది, సత్తుకు లేదు అన్నదొక్కటే తోస్తోంది.

చాసో 'వాయులీనం' గురించి డాక్టరుగా ఒక మాట. భార్య జబ్బు పడితే ఆ భర్త ఆమె ఫిడేలు అమ్మి వైద్యానికి ఖర్చుపెట్టవలసి వస్తుంది. పెళ్ళికి ముందు ఆమె చేతికీ మనస్సుకూ తెలిసిన సంగీతమంతా ఆ చెక్కపెట్టెలో ఉంది. మందుచీటీ వ్రాసే మాకు ఆ మందు ఏ వస్తువై ఇంట్లోంచి వెళ్ళిపోయిందో కనిపించదు. ఈ దేశంలో కూడా ఇన్సులిన్ కొనలేక మోతాదు సగానికి కోసుకొనేవాళ్ళను చూశాను. వాళ్ళ ఇళ్ళల్లో ఏ ఫిడేలు పోయిందో అడగాలని, ఈ కథ చదివాక, బుద్ధి పుట్టింది. అన్నిసార్లూ అడుగుతున్నానని చెప్పను.

ఇక మన వలసబ్రతుకుల కథ. ఝుంపా లాహిరి 1999 నాటి పుస్తకం 'ఇంటర్‌ప్రెటర్ ఆఫ్ మాలడీస్'లో 'మిసెస్ సేన్స్' అనే కథ ఉంది. లెక్కల ప్రొఫెసరు భార్య, బెంగాలీ ఆవిడ, ఒక అమెరికన్ పిల్లవాణ్ణి స్కూలు అయ్యాక చూసుకొంటూ ఉంటుంది. నేలమీద న్యూస్‌పేపర్లు పరుచుకొని, ఇండియానుంచి తెచ్చుకొన్న కత్తిపీట మీద కూరలు తరుగుతుంది. ఊళ్ళో పెళ్ళి అంటే ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా ఎవరి కత్తిపీట వాళ్ళు తెచ్చుకొని కూర్చుని, రాత్రంతా కబుర్లు చెప్పుకొంటూ తరిగేవాళ్ళమని ఆ పిల్లవాడికి చెబుతుంది. కత్తిపీట అంటే కూరలు తరిగే సాధనం కాదక్కడ, చుట్టూ కూర్చునే ఆడవాళ్ళందరూ. ఇక్కడ ఆమె ఒక్కతే. నేను రెసిడెన్సీ రెండో ఏట ఈ కథ చదివి కాల్ రూములో ఏడ్చాను.

ఏడవడానికి నా కారణం నాకుంది. మేము భోజనం చేసే గదిలో మైక్రోవేవ్ మీద ఒకరోజు ఒక కాగితం అంటించి ఉంది. ఘాటు వాసనలు వచ్చే పదార్థాలు ఇక్కడ వేడిచేయవద్దని మర్యాదగా వ్రాశారు. ముందురోజు ఇంగువ వేసిన పప్పుచారు వేడిచేసింది నేనే. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరు వ్రాశారో ఈనాటికీ తెలియదు, బహుశా మంచివారే. మర్నాటినుంచి నా స్టీలు కారియరు తీసుకొని పార్కింగ్‌లో కారులో కూర్చుని తినేదాన్ని. చలికాలంలో ఇంజను నడుపుతూ. కొన్నాళ్ళకు కారియరుకు అదే చోటు అయింది. లోపలికి తేవాలన్న ఊహ కూడా పోయింది.

ఒక రాత్రి అలా కారులో తింటుంటే సత్తు గ్లాసు జ్ఞాపకం వచ్చింది. అంతవరకూ ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు.

రెండూ ఒకటే అనడం లేదు. అంటే అబద్ధం. నాకు ఆ గదినుంచి బయటికి దారి ఉంది. ఇంకొక పరీక్ష, ఇంకొక సంవత్సరం, ఆ తరువాత పొడుగు కోటు, సొంత గది, ఆ గదిలో నా సొంత మైక్రోవేవ్. మెట్ల దగ్గర నిలబడ్డ మనిషికి వ్రాయడానికి ఏ పరీక్షా లేదు. ఆయన కొడుకు గ్లాసు కూడా అదే చూరులో ఉండేదన్నది నాకు తెలుసు. అయినా నా కారియరు నాకొక మేలు చేసింది. అంతవరకూ ఆ గ్లాసును నేను బయటినుంచే చూశాను, వాపును చూసినట్టు.

తిరిగి మిసెస్ సేన్ దగ్గరకు వెళితే, రెండోసారి చదివినప్పుడు మొదటిసారి నేను దాటిపోయిన మాట ఒకటి తగిలింది. ఇక్కడ కారు నడపడం నేర్చుకోలేక అవస్థపడుతూ, మా ఊళ్ళో మాకు డ్రైవరు ఉన్నాడని చెబుతుంది. రచయిత్రి దాని మీద వ్యాఖ్యానం చేయలేదు, ఆ డ్రైవరు ఎక్కడ కూర్చుని ఏ గ్లాసులో టీ తాగేవాడో చెప్పలేదు. కాని ఆ మాట అక్కడ పెట్టింది. ఆమె ఒంటరితనం నిజం. ఆ ఒంటరితనంలో పోయిన సొత్తులో ఒక డ్రైవరు కూడా ఉన్నాడన్నదీ నిజమే. మనం ఊరు తలుచుకొని బాధపడుతున్నప్పుడు ఆ బాధలో ఎంత పాలు మనుషులు, ఎంత పాలు మనకు పనిచేసిపెట్టిన చేతులు? నన్ను అడిగితే ఖచ్చితంగా విడదీసి చెప్పలేను.

కొలకలూరి ఇనాక్‌గారి 'ఊరబావి' చదవనివారు తప్పక చదవాలి. పేరుకు ఊరి బావి, అందులో చేద వేసే హక్కు మాత్రం ఊరందరికీ లేదు. ఎవరైనా తోడి పోస్తేనే నీళ్ళు. పోసేవాళ్ళు ఎంత ఎత్తునుంచి పోసేవారో నాకు తెలుసు, పోసిన చెయ్యే గనుక. ఆ కథలో ఒక దళిత స్త్రీ తెగించి ఆ బావిలో పశువు కళేబరం పడవేస్తుంది. బావి తమకు ఎన్నడూ లేనిది, ఇప్పుడు ఎవరికీ లేకుండా చేసింది. కథ గదా అనుకోవద్దు. 1985 జూలైలో, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో, మంచినీళ్ళ చెరువును మురికి చేయవద్దన్నందుకు మొదలయిన తగాదాలో ఒక స్త్రీ తన చేతిలోని బిందె ఎత్తింది. 17వ తేదీన ఆరుగురు దళితులు హత్య అయ్యారు. బిందె, చేద, గ్లాసు. నీళ్ళకు సంబంధించిన ఏ వస్తువునూ మన ప్రాంతంలో ఊరికే వస్తువు అనడానికి వీలులేదు.

ఇప్పుడు ఉగాది సంగతి. చూరులో ఒక సత్తు గ్లాసు దోపుదామా అని అడిగితే, కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత పెద్దావిడ, నేను అక్కయ్యా అని పిలిచే మనిషి, "పండగపూట ఇప్పుడదెందుకమ్మా" అంది. ఆవిడ వాదం కొట్టిపారేయదగ్గది కాదు, అందుచేత పూర్తిగా వ్రాస్తాను. ఇక్కడ పుట్టిన పిల్లలు స్కూల్లో ఇండియా పాఠం వచ్చిన రోజున తలవంచుకొని ఇంటికి వస్తున్నారు. మన దేశమంటే కులాలు, ఆవులు, బీదరికం. ఏడాదికి ఒకరోజు, నాలుగు గంటలసేపు, మనది కూడా ఒక అందమైన ఇల్లే అని వాళ్ళకు చూపించుకొంటున్నాం. ఆ నాలుగు గంటల్లో కూడా గ్లాసు తెచ్చి పెట్టాలా? అదీకాక తప్పు మనుషులది, గ్లాసు ఏం చేసింది?

ఆవిడ కూతురు ఆ పాఠం చదివిన రోజున ఏడుస్తూ వచ్చిందని నాకు తెలుసు. నా పిల్లవాడూ రెండు మూడేళ్ళల్లో చదువుతాడు. అయినా ఆవిడతో ఏకీభవించలేకపోతున్నాను. గ్లాసు లేని ఆ ఇల్లు అందంగా ఉంది, నిజమే. కాని అది ఆ హాలులో ఉన్నవారందరితో "మీ తాతమ్మలు ఈ వంటింట్లో మజ్జిగ చిలికారు" అంటోంది. అందరి తాతమ్మలూ చిలకలేదు. కొందరి తాతలు పెరటిమెట్ల దగ్గర నిలబడ్డారు. వాళ్ళ మనవలు కూడా ఇంజనీర్లయి, డాక్టర్లయి ఈ దేశం వచ్చారు, మనతో కలిసి ఉగాదిపచ్చడి తింటున్నారు. న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా పనిచేసిన సుజాత గిడ్ల 2017లో తమ కుటుంబ చరిత్ర 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' పేరుతో ప్రచురించారు. అందులోని ఊళ్ళు మన ఊళ్ళే. ఆ పుస్తకం చదివి వచ్చి మన అట్టయింటి ముందు నిలబడితే, ఆ ఇల్లు ఎవరిదో వెంటనే తెలుస్తుంది. తెలుగువాడంటే ఆ ఇంటి లోపల పుట్టినవాడే అని మనం నోటితో అనలేదు, వస్తువుల చేత అనిపించాం. కొత్తగా వచ్చినవాళ్ళను "మీ ఇంటిపేరేమిటండీ" అని అడిగి, ఒక్క క్షణం ఆగుతామే, ఆ ఆగడం కూడా అటువంటిదే.

గ్లాసు ఏం చేసింది అన్న ప్రశ్నకు నా జవాబు చిన్నది. మనుషులు మనస్సులో ఉంచుకొన్నది ఏడేళ్ళ పిల్లకు ఎలా తెలుస్తుంది? నాకు కులం గురించి ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. ఆ గ్లాసు చెప్పింది. ఆట అనుకొని నేర్చుకొన్నాను.

ఇంత వ్రాసి, ఆ రోజు నేను చేసిన పని చెప్పకపోతే తప్పు. అక్కయ్య వద్దనగానే ఊరుకొన్నాను. ఆ ఇంట్లో గుమ్మం పక్కన పెట్టిన కంచు చెంబు నాదే. అమ్మమ్మ పోయాక ఊళ్ళో ఇల్లు అమ్మేసినప్పుడు సామాను అందరూ పంచుకొన్నారు. చెంబు నా వాటాకు వచ్చింది. సత్తు గ్లాసు ఎవరి వాటాలోకీ రాలేదు. చెంబు పక్కన నా పేరు, "సౌజన్యం" అనే మాట కలిపి చీటీ పెట్టారు. పిల్లలు గుంపుగా వస్తే, మనవాళ్ళు నీళ్ళు ఎలా తాగేవారో చూపించమన్నారు. చెంబు ఎత్తి, పెదవికి తగలకుండా తాగి చూపించాను. తరువాత ఒక అమ్మాయి దోసిలి పడితే పైనుంచి ధారగా పోశాను. ఇన్నేళ్ళయినా చుక్క ఒలకలేదు. అంత ఎత్తునుంచి ఎందుకు పోస్తున్నారని ఆ పిల్ల అడిగింది.

శుభ్రత కోసమమ్మా, క్రిములు అంటకుండా, అన్నాను.

పక్కనున్న వాళ్ళ అమ్మ సంతోషించి, "చూశావా, మనవాళ్ళు ఎంత సైంటిఫిక్కో! డాక్టరాంటీయే చెబుతోంది" అంది. పిల్ల నమ్మింది. పొడుగు కోటు ఆ రోజు వేసుకోలేదు గాని, దాని పరువు నా మాటలో పనిచేసింది.

వచ్చే ఉగాదికి ఆ చెంబు మళ్ళీ ఇవ్వమని అడిగారు. ఇస్తానన్నాను. దానితోపాటు ఒక సత్తు గ్లాసు తెస్తాననీ, చూరులో దానికి చోటు ఉంచమనీ, చీటీ మీద ఏమి వ్రాయాలో నేనే వ్రాసి ఇస్తాననీ కార్యదర్శిగారికి ఉత్తరం వ్రాశాను. అక్కయ్యకు కూడా ఒక ప్రతి పంపాను. ఇద్దరి దగ్గరనుంచీ ఇంకా జవాబు రాలేదు.